పీరా సాబ్‌కు వయసు తెలియని కత్తి

మా పీరా సాబ్ చేతికి ఇనుప వస్తువు ఏదిచ్చినా, దాని వయసు చెప్పనిదే తిరిగియ్యడు. అడిగితే చెప్తాడు, అడక్కపోయినా చెప్తాడు, చెప్పొద్దని బతిమాలితే ఇంకొంచెం గట్టిగా చెప్తాడు.

ఆదోని పత్తి మార్కెట్టు వెనక సందులో ఆయనది సాన పట్టే అంగడి. ఎదురుగా నాది జిరాక్సు అంగడి. ఆయన చక్రం నుంచి లేచే నిప్పురవ్వలు చూస్తా నేను, నా మిషన్‌లో లేచే వెలుతురు చూస్తా ఆయన, ఇరవై రెండేండ్లుగా ఎదురెదురుగా ముసలోళ్ళమవుతా వస్తున్నాము. ఆయనకు డెబ్బై ఒకటి. నాకు యాభై రెండు. ఇది ఆయన చెప్పింది కాదు, నేనే చెప్తాండా. మనుషుల వయసు జోలికి ఆయన పోడు. "మనిషి అబద్ధం చెప్తాడు మంజూ. ఇనుముకు ఆ విద్య రాదు" అంటాడు.

ఆయన పద్ధతి చూడాల్సిందే. కొడవలి గానీ, దర్జీ కత్తెర గానీ చేతికిస్తే మొదట ముక్కు దగ్గర పెట్టి వాసన చూస్తాడు. తర్వాత గోటితో టింగుమని కొట్టి చెవికి ఆనించుకుంటాడు. తర్వాత చూసేవాళ్ళకు ఒళ్ళు జలదరించేటట్టు నాలిక కొసతో అంటుకుంటాడు. ఆఖరికి భూతద్దం పెట్టి మొదలు నుంచి చివరి దాకా చదువుతాడు. ఇదంతా హోటలు దేవేంద్ర తెచ్చిన టీ సల్లారేలోపల అయిపోవాల. గ్లాసు మీద పొగ ఉండంగనే వయసు చెప్పాల. అది ఆయన రోషం.

వయసు చెప్పి ఊరుకున్నా సరిపోయేది. వరస గూడ కలుపుతాడు. వస్తువు తనకన్నా పెద్దదైతే "సలాం తాతా" అని నుదుటికి ఆనించుకొని, ఆ తర్వాతే చక్రం మీద పెడతాడు. తన ఈడుదైతే బావ. చిన్నదైతే తమ్ముడు. మొన్న పుట్టినదైతే పాప. కూరగాయలు తరిగే కత్తిని సానకిచ్చిన ఆడమనిషితో "పాపకు ఇంగా రెండేండ్లు నిండలేదమ్మా, అప్పుడే ఇంత పని పెడితే ఎట్ల" అని పోట్లాడిన మనిషి.

ఈయప్పతో ఎట్ల కాపురం చేస్తాండావమ్మా అని ఆయన భార్య గుల్జార్ బీని ఒకసారి అడిగినా.

"పెండ్లిలో మా నాయన అడకత్తెర పెట్టినాడు. కొత్తది, గుంతకల్లులో కొన్నానని నలుగురిలో చెప్పుకున్నాడు. ఈ మహానుభావుడు పెండ్లికొడుకు బట్టల్లోనే దాన్ని వాసన చూసినాడు, చెవి దగ్గర పెట్టుకున్నాడు. 'సలాం దాదీ' అన్నాడు. అది మా జేజి అడకత్తెర. పందిట్లో అందరికీ తెలిసిపోయింది."

"మరి మీ నాయన?"

"మూడేండ్లు మా ఇంటికి రాలేదు."

ఊర్లో బట్టలంగడి తెరిచేప్పుడు జరిగింది గూడ చెప్పాల. పెద్దమనిషిని పిలిపించినారు, రిబ్బను కట్టినారు, పళ్ళెంలో కత్తెర పెట్టినారు. ఆ కత్తెరకు పొద్దున సాన పట్టలేదన్న బాధతో పీరా సాబ్ జనంలో నుంచి ముందుకొచ్చి దాన్ని అందుకున్నాడు. టింగుమనిపించినాడు. "ఇది మంగలి అయ్యన్నది. పద్దెనిమిదేండ్లది. నిన్నటి దాకా మీసాలు కత్తిరించింది" అన్నాడు. రిబ్బను కత్తిరించేందుకు వచ్చిన పెద్దమనిషి ఎంతకీ ఆ పళ్ళెంలో చెయ్యి పెట్టలేదు. చివరకు రిబ్బను ముడి విప్పి లోపలికి పోయినారు.

నా సంగతి దాచుకుంటే అన్యాయమవుతుంది. ఉరుకుంద ఈరన్న తిరునాళ్ళలో ఒకడు నాకు ఒక బాకు అమ్మినాడు. నవాబుల కాలందని, కోటలో తవ్వకాల్లో దొరికిందని చెప్పినాడు. నల్లగా, తుప్పుగా, గొప్పగా ఉండింది. తెచ్చి అంగట్లో గోడకు తగిలించినా. వచ్చినోళ్ళకంతా మా ముత్తాత ఆస్తి అని చెప్పడం మొదలుపెట్టినా. నాలుగో దినం సాబ్ వచ్చి దాన్ని దించి నాలికతో అంటుకున్నాడు.

"నిమ్మకాయ, ఉప్పు" అన్నాడు.

"అంటే?"

"నల్లగా కనపడాలని నిమ్మకాయ రసం పూసి, ఉప్పు నీళ్ళలో నానబెట్టినారు. లారీ కమాను పట్టీ ఇది. నీ మిషన్ కన్నా నాలుగేండ్లు చిన్నది. పాపకు ఇంగా పాలపండ్లు గూడ ఊడలేదు మంజూ, అప్పుడే నీకు ముత్తాత ఎట్లయినాడు?"

అంగట్లో ఆ పొద్దు తొమ్మిది మంది ఉన్నారు. లెక్కపెట్టి చెప్తాండా.

ఇట్లాంటి మనిషి ఒకసారి "తెలీదు" అన్నాడు. ఆ కత ఇది.

పోయిన దసరా అయిన నాలుగో దినం, సోమవారం, ఎమ్మిగనూరు బస్సు దిగి ఒక ముసలామె సాబ్ అంగడికి వచ్చింది. పేరు మద్దమ్మ. డెబ్బై ఏడేండ్లు. ఊరు ఎమ్మిగనూరు దగ్గర. పేరు మాత్రం రాయను. రాస్తే ఆ ఊరి బస్సు నన్ను ఎక్కించుకోదు. చేతిలో స్టీలు టిఫిన్ డబ్బా. అది తెరిస్తే లోపల పసుపు గుడ్డ, ఆ గుడ్డలో జానెడు పొడుగు ఎర్రటి ముద్ద. కొత్త మనిషి కనపడితే రోడ్డు దాటి పోవడం నాకు అలవాటు కాబట్టి నేను గూడ ఆడనే ఉన్నా.

"ఏందవ్వా ఇది, కుంకుమ ముద్దనా?" అంటి.

"కత్తి నాయనా."

"కత్తి యాడుంది?"

"లోపల."

విషయం ఏమంటే, మద్దమ్మ నాయన నరసప్ప తెచ్చిన కత్తి అది. ఆ ఇంట్లో ఏటా ఆయుధ పూజకు నాగలికి, గొడ్డలికి పెట్టినట్టే దానికీ నూనె, పసుపు, కుంకుమ పెడతారు. మిగతావన్నీ పనిలో పడి కడుక్కుపోతాయి. ఈ కత్తిని మాత్రం ఎవరూ కడగలేదు. పోయినేటి దాని మీద ఈయేటిది, ఈయేటి దాని మీద వచ్చే ఏటిది. నరసప్ప పోయి నలభై ఏండ్లు. అప్పటినుంచి పేరింది ఆ ముద్ద.

"యాలక్కా కడగలేదు?" అని సాబ్ అడిగినాడు.

"దాని మీద దేవుని నామం ఉంది సాబూ. నా చిన్నప్పుడు చూసినా. మూడు గీతలు. నామం ఉండేదాన్ని చింతపండు పెట్టి తోముతారా ఎవరన్నా?"

తర్వాత అసలు బాధ చెప్పింది. నరసప్ప పడుచోడుగా ఉన్నప్పుడు ఊరు విడిచి పోయినాడు. మూడేండ్లకు ఈ కత్తితో, ఒక కుంటి కాలితో తిరిగొచ్చినాడు. యుద్ధానికి పోయినానన్నాడు. కాగితాలు చెదలు తినిపాయ. యుద్ధంలో ఏం చేసినావు నాయనా అంటే "పోయినా, వచ్చినా" అనేవాడంతే. అయితే ఊర్లో పెండ్లిండ్లకు ఉల్లిగడ్డలు తరిగేకాడ కూర్చుంటే మాత్రం నలుగురి పని ఒక్కడే చేసేవాడు. అది చూసి ఊరి పెద్ద ఒకాయన, "వీడు యుద్ధానికీ పోలేదు గిద్దానికీ పోలేదు, బొంబాయి హోటల్లో ఉల్లిగడ్డలు తరిగి వచ్చినాడు" అన్నాడు. ఆ పొద్దు నుంచి వాళ్ళ ఇంటి పేరు ఉల్లిగడ్డోళ్ళు.

"నన్ను పెండ్లి చేసుకునేకి వచ్చినోళ్ళు గూడ ఉల్లిగడ్డోళ్ళ ఇల్లు యాడ అని అడుక్కుంటా వచ్చినారు సాబూ. ఇప్పుడు మా ఊరి బడి ముందర రాయి పెడతాండారు. మా ఊర్నుంచి సైన్యానికి పోయినోళ్ళ పేర్లు చెక్కిస్తారంట. పదకొండు మంది. జనవరి ఇరవయ్యారుకు తెరుస్తారు. మా నాయన పేరు గూడ రాయండప్పా అంటే, రాయి పెట్టిస్తాండే బజారి అనే ఆయన నవ్వినాడు. ఉల్లిగడ్డలు అన్నది వాళ్ళ జేజినాయనే, వాళ్ళ నాయనను కన్నాయన. రుజువు తెస్తే రాస్తానన్నాడు. ఇంట్లో రుజువనేది ఈ కత్తి ఒక్కటే ఉంది. దీని వయసు ఎంతో చెప్పు. యుద్ధం నాటిదైతే చీటీ రాసియ్యి."

సాబ్ ఆ ముద్దను చూసినాడు గానీ అందుకోలేదు. "పూజలో ఉండేది. నేను ముట్టుకోవచ్చునా అక్కా?" అన్నాడు.

"పీర్ల పండగకు మా ఊర్లో పీర్లను ఎత్తేది ఎవరు? మా వాళ్ళే గదా. ముట్టుకో."

అయినా ఆ కుంకుమ ఆయన తీయలేదు. గోరువెచ్చటి నీళ్ళు, నూనె, దూది తెప్పించి ఆమె చేతనే తుడిపించినాడు. నలభై ఏండ్ల కుంకుమ పొరలు పొరలుగా ఊడొచ్చి ఆయన అంగడి అంతా పెండ్లి జరిగినట్టయింది. లోపల నుంచి మడిచే కత్తి ఒకటి బయటపడింది. నల్లటి పిడి, దాని మీద అడ్డం నిలువు గీతలు. ఒక చివర ఇనుప కడియం. ఒకే ఒక వెడల్పాటి అలుగు, తరిగే రేకు. పక్కన పిట్ట ముక్కు మాదిరి ఇంకొకటి. వీపున బొటనవేలంత లావు దబ్బనం. పిట్ట ముక్కుతో ఎద్దు గిట్టల్లో ముల్లు తీసేవాళ్ళమని, దబ్బనంతో బండి తాళ్ళ ముడులు విప్పేవాళ్ళమని మద్దమ్మ చెప్పింది.

అలుగు మొదట్లో చిన్న బాణం గుర్తు. మూడు గీతలు పైన కలిసినట్టు.

"చూడు, నామం" అనింది మద్దమ్మ. ఆమె మొగం అట్ల వెలిగిపోయింది.

అది నామం కాదని నాక్కూడా అనుమానమొచ్చింది. తెల్లోళ్ళ కాలంలో సర్కారు సామాన్ల మీద కొట్టే ముద్ర అది. పాత రైలు తూకం రాళ్ళ మీద చూసినా. చెప్పబోతే సాబ్ నా పక్క చూసిన చూపుకు నోరు మూసుకున్నా.

"ఔనక్కా, నామమే" అన్నాడాయన.

దేవేంద్ర టీ తెచ్చి పెట్టినాడు. సాబ్ వాసన చూసినాడు. టింగుమనిపించినాడు. అద్దం పెట్టి ఈ పక్క చూసినాడు. తిప్పి ఆ పక్క చూసినాడు. ఆ పక్క చానాసేపు చూసినాడు. టీ మీద పొగ పోయింది. మీగడ కట్టింది. మీగడ మీద ఈగ వాలింది. దేవేంద్ర గ్లాసు కోసం వచ్చి నిలబడిపోయినాడు.

"తెలీదక్కా" అన్నాడు పీరా సాబ్. "నాకు అంతుపట్టలేదు. కత్తి నా దగ్గర పెట్టిపో. చూస్తా."

ఆ మాట సందు దాటి, మార్కెట్టు దాటి, కోట గుట్ట దాకా పోయేకి పావుగంట పట్టలేదు. మోసింది నేనే. ఆ పొద్దు నుంచి ఆయన పేరు తెలీదు సాబ్. సానకు వచ్చినోళ్ళు కొడవలి ఇచ్చి, "ఇదన్నా తెలుసునా సాబ్?" అనేవాళ్ళు. దేవేంద్ర టీ పెడతా, "సల్లార్చి తెచ్చేదా, వేడిగా తెచ్చేదా?" అనేవాడు. ఇంక నేను చేసిన పని రాసేకి సిగ్గవుతాంది గానీ రాస్తా. నా మిషన్‌లో పెద్ద అక్షరాలతో 'ఇచ్చట వయసు తెలియదు' అని ఒక కాగితం తీసి ఆయన చక్రం దిమ్మెకు అంటించినా. ఆయన చూసినాడు. చింపలేదు. అది అట్లనే ఉండె, నిప్పురవ్వలు తగిలి బొక్కలు పడేదాకా.

మద్దమ్మ పదిహేను దినాలకొకసారి వచ్చేది. "తెలిసినాదా సాబూ?" అనేది. "ఇంగా లేదక్కా" అనేవాడు. ఆమె తల ఊపి, ఆయన ఇంటి నుంచి తెచ్చి చూపించిన కత్తిని ఒకసారి కండ్లకద్దుకొని మళ్ళా బస్సెక్కేది. డిసెంబరు వచ్చేసరికి ఆమె అడగడం గూడ మానేసింది. వచ్చి, కూర్చొని, ఆయన మొగం చూసి పోయేది.

అదే కాలంలో సాబ్ ఇంకో కొత్త అలవాటు పట్టినాడు. గురువారం గురువారం అంగడి మూసి ఎమ్మిగనూరు బస్సెక్కుతాడు.

"యాడికి సాబ్?"

"మేనకోడలికి ఒళ్ళు బాగలేదు."

గుల్జార్ బీని పరామర్శ చేసినా. "ఆయనకు తోబుట్టువులే లేరు, మేనకోడలు యాడ నుంచి వచ్చింది?" అనింది ఆమె. "పైగా నా పెట్టెలో చీరలన్నీ తీసి బయట పడేసి ఆ కత్తిని లోపల పెట్టినాడు. తాళంచెవి నడుముకు కట్టుకున్నాడు. నేను నా చీర కట్టుకోవాలంటే ఆయన్ను అడగాల."

మేనకోడలు లేని మనిషి మేనకోడల్ని చూసేకి పోతే నాలాంటోడు ఏమనుకుంటాడో మీరే అనుకోండి. నేను అంతకన్నా రెండాకులు ఎక్కువే అనుకున్నా.

జనవరి ఇరవై నాలుగున సాబ్ రోడ్డు దాటి నా అంగడికి వచ్చినాడు. "సోమవారం అంగడి మూసి నాతో రా. మద్దమ్మక్క ఊరికి పోవాల. ఉతికిన చొక్కా వేసుకో" అన్నాడు. వయసు తెలిసిందా అని అడిగేలోపల మళ్ళా రోడ్డు దాటిపోయినాడు.

బడి ముందర రాయి నిలబెట్టి, దాని మీద గుడ్డ కప్పినారు. జెండా ఎగరేసినారు. ఊరంతా చేరింది. బజారి అరవై దాటిన మనిషి, తెల్ల పంచె, మంచి గొంతు. చెడ్డోడేం కాదు, వాళ్ళ జేజినాయన జోకును ఆస్తి మాదిరి కాపాడుకుంటా వచ్చినాడంతే. మద్దమ్మ వెనక ఆడోళ్ళలో నిలబడింది. మమ్మల్ని చూసి ముందుకు రాలేదు. ఆశ పెట్టుకోకూడదని ఆమె ముందే నిర్ణయించుకున్నట్టుంది.

మేము పోయిన ఐదు నిమిషాలకు ఒక మోటారు సైకిలు వచ్చి ఆగింది. దిగినాయన యేసేపు. సైన్యంలో హవల్దారుగా చేసి వచ్చి ఎమ్మిగనూరులో బ్యాంకు కాపలా చేస్తాండాడు. ఇస్త్రీ చేసిన కోటు, దాని మీద పతకాలు, చేతిలో ఒక ఫైలు. సాబ్‌కు సలాం కొట్టినాడు. నాకు అప్పుడు అర్థమైంది, ఎమ్మిగనూరులో ఒళ్ళు బాగలేని మేనకోడలికి ఇంత పెద్ద మీసాలున్నాయని.

బజారి గుడ్డ తీయబోతుంటే యేసేపు ఆపినాడు. "ఇంకొక పేరుంది" అన్నాడు. "నరసప్ప, తండ్రి హనుమప్ప."

"రుజువు?" అన్నాడు బజారి. "ఆ కత్తేనా? పాత కత్తులు బొంబాయిలో పాత సామాన్ల బజారుకు పోతే కుప్పలు దొరుకుతాయి అన్నా."

"దొరుకుతాయి. ఈ నంబరుతో దొరకదు" అని యేసేపు, సాబ్ తెచ్చిన కత్తిని అందుకొని పైకెత్తి చూపించినాడు. నామం ఉన్న పక్కకు వెనక, పిడి మొదట్లో ఉండే ఇనుము మీద ఇనుప మొలతో గీకిన అంకెలు. సన్నగా, వంకరగా, ఒక చదువుకోని మనిషి చేతి పని. సైన్యంలో ప్రతి మనిషికీ ఒక నంబరు ఇస్తారు, సామాను తారుమారు కాకుండా దాని మీద గీక్కుంటారు. మామూలు ఇంట్లో అయితే తోమి తోమి ఎప్పుడో అరిగిపోయేది. నలభై ఏండ్ల నూనె, పసుపు, కుంకుమ దాన్ని మూత పెట్టినట్టు కాపాడినాయి. ఆ నంబరు పట్టుకొని యేసేపు రాసిన అర్జీ ఆఫీసు మీద ఆఫీసు తిరిగి, పాత రిజిస్టర్లు వెతికించి, మూడు దినాల కిందట జవాబుతో తిరిగొచ్చింది.

యేసేపు జవాబు చదివినాడు. నంబరు అదే. పేరు నరసప్ప, తండ్రి హనుమప్ప, ఊరు ఇదే. చేరింది పంతొమ్మిది వందల నలభై మూడు. బర్మా సరిహద్దులో పని చేసినాడు. కాలికి గాయం. నలభై ఆరులో ఇంటికి పంపినారు. ఆఖరి వరస గూడ ఉన్నది ఉన్నట్టే చదివినాడు.

"పని, వంట."

ఎవరో ఒకరు వెనక నుంచి "ఉల్లిగడ్డలే" అన్నారు. నవ్వు లేచింది. బజారి మొగంలో వాళ్ళ జేజినాయన తిరిగొచ్చి కూర్చున్నాడు.

"చూసినావా అన్నా, మా జేజినాయన తప్పు చెప్పలేదు. తుపాకీ పట్టినోళ్ళ రాయి ఇది. వంటోని పేరు ఎట్ల?"

యేసేపు ఫైలు మూసినాడు. గొంతు పెంచలేదు. "నేను ఇరవై రెండేండ్లు సైన్యంలో ఉన్నా. తుపాకీ లేకుండా ఒక పూట ఉన్నాము. వంటోడు లేకుండా ఒక పూట గూడ లేము. పైన నుంచి బాంబు పడేప్పుడు ఈయన వంటోడులే అని పక్కకు జరిగి పడదు. ఆ కాలు ఎట్ల కుంటిదైందనుకున్నావు, ఉల్లిగడ్డ తగిలిందా?"

ఈసారి లేచిన నవ్వు బజారి పక్కది కాదు.

మద్దమ్మ అప్పుడు ముందుకు వచ్చింది. చిన్నగా వచ్చింది గానీ ఆడోళ్ళంతా దోవ ఇచ్చినారు. "మా నాయన యుద్ధానికి పోయినానన్నాడు. పోయినాడు. మీ జేజినాయన ఉల్లిగడ్డలు తరిగినాడన్నాడు. తరిగినాడు" అనింది. "ఇద్దరూ నిజమే చెప్పినారు బజారీ. మధ్యలో మనమే ఎనభై ఏండ్లు నవ్వుకుంటిమి. ఇప్పుడు చెప్పు, పేరు రాస్తావా రాయవా?"

బజారి గుడ్డ లాగేసినాడు. రాయి నిలబెట్టిన పనివాడు ఆడనే ఉన్నాడు. "చెక్కప్పా, కింద జాగా ఉంది" అన్నాడు.

పీరా సాబ్ ఆ రాయి ముందర నోరు తెరిచింది ఒక్కసారే. "కింద కాదు. అందరికన్నా పెద్దోడు ఆయనే. పైన రాయాల" అన్నాడు. వయసు దగ్గర ఆయన రాజీ పడడు.

"పైన జాగా లేదు సాబ్. దాత పేరుంది."

"దాత ఎవరు?"

బజారి నేల చూసినాడు. రాయి మీద అన్నిటికన్నా పెద్ద అక్షరాలు ఆయనవే. కాసేపు తల గోక్కొని, "సరే పో. నా పేరు నెత్తి మీద కూర్చోబెట్టు" అన్నాడు పనివాడితో. అప్పుడు మాత్రం ఊరు గట్టిగా చప్పట్లు కొట్టింది. ఉలి మొదలైంది. నరసప్ప అనే నాలుగక్షరాలకు గంట పట్టింది. మద్దమ్మ ఆ గంటా కూర్చోలేదు. తల ఎత్తి నిలబడింది, ఎవరో ఆమెను పేరు పెట్టి పిలుస్తా ఉన్నట్టు.

ఇక్కడ ఒక మనవి. మద్దమ్మకు చదువు రాదు. ఎవరన్నా ఆమెకు ఇది చదివి వినిపిస్తా ఉంటే, దయచేసి ఇక్కడ ఆపి, అయిపోయిందని చెప్పండి.

ఉలి పని జరుగుతుండగా నేను ఊరికే ఉండలేక యేసేపు ఫైలు తిరగేసినా. మొదట మండింది ఏమంటే, అందులో జిరాక్సు కాపీలన్నిటి మీదా నిలువుగా నల్లటి చార. ఎమ్మిగనూరులో ఎవనిదో పాడు మిషన్. కండ్ల ముందర నా మిషన్ పెట్టుకొని ఇరవై రెండేండ్ల స్నేహితుడు చేయాల్సిన పనేనా ఇది? తర్వాత అర్జీ చూసినా. తేదీ అక్టోబరు తొమ్మిది. మద్దమ్మ కత్తి ఇచ్చిపోయిన మూడో దినం. మొదటి వాక్యంలోనే ఉంది: 'అలుగు మీద, భూతద్దం పెడితే గానీ కనపడని సన్నటి అంకెల్లో 1942 అని ముద్ర ఉన్న కత్తి'.

సాబ్‌ను పక్కకు లాగినా. "నీకు మొదటి దినమే తెలుసా?"

"టీ మీద పొగ ఉండంగనే తెలుసు."

"మరి తెలీదని యాల అంటివి? నాలుగు నెలలు ఊరంతా నిన్ను ఎగతాళి చేసింది. నేను కాగితం గూడ అంటిస్తి."

"వయసు చెప్పింటే అక్క ఆ పొద్దే ఊరికి పోయి చెప్పింటుంది. బజారి ఆ బొంబాయి కత్తుల మాట ఈ పొద్దు అన్నది ఆ పొద్దే అనింటాడు. ఒకసారి నవ్వేసిన ఊరు రెండోసారి వినదు మంజూ."

"నంబరు సంగతన్నా ఆమెకు చెప్పొచ్చు గదా."

"జవాబు రాకపోయింటే? రిజిస్టరు చినిగిపోయింటే? అప్పుడు వాళ్ళ నాయన అబద్ధమాడినాడని ఖాయమైపోతాది. ఇట్లయితే సాబ్‌కు తెలియలేదు అని పోతాది. నా తెలివి పోతే ఏం, డెబ్బై ఏండ్లు వాడుకున్నా."

"నాకన్నా చెప్పొచ్చు గదా."

సాబ్ నా పక్క జాలిగా చూసినాడు. "నీకు చెప్తే బస్సు కన్నా ముందు ఈ ఊరికి చేరింటుంది."

ఇంతలో మద్దమ్మ మా పక్కకు వచ్చింది, చుట్టూ పది మంది ఆడోళ్ళు. కత్తి ఆమె చేతిలో ఉంది. "ఈయనే ఆదోని సాబ్" అని వాళ్ళకు చూపించింది. "పాపం, శానా కష్టపడినాడు. ఎంత చూసినా ఈయనకు వయసు తెలియలేదు. ఆఖరికి దేవుడే, తన నామం వెనకనే నంబరు దాచిపెట్టి చూపించినాడు."

ఉన్నది చెప్పేద్దామని నోరు తెరిచినా. టైరు చెప్పు ఒకటి, లోపల మనిషితో సహా, నా కాలి మీద ఎక్కి నిలబడింది.

"ఔనక్కా" అన్నాడు పీరా సాబ్, నా కాలి మీద నుంచి దిగకుండా. "నాకేం తెలుసు. అంతా ఆయన దయ."

ఆ రాత్రి ఇంట్లో నా భార్య సుధ నా కాలికి పసుపు పట్టిస్తా, ఇంత వాపు ఎట్ల వచ్చింది అని మూడుసార్లు అడిగింది. పెండ్లైన ఇరవై ఏడేండ్లలో ఆమె అడిగినదానికి నేను సొంతంగా రెండు మాటలు కలిపి చెప్పకుండా ఉన్నది ఆ ఒక్క రాత్రే.

"తెలీదు" అంటి.